పాత కలప కళ

ఇళ్ళలో, సామానులో, పడవల్లో, సరుకుల పెట్టెల్లో ఒకసారి వాడిన చెక్కను, పారేసిన కుర్చీలు, బల్లలు, బీరువాలు, మంచాలను కొత్త కళాకృతులుగా మలిచే దృశ్యకళా విభాగాన్ని పాత కలప కళ అంటారు. శిల్పం, వడ్రంగం, అలంకరణ, సామాను రూపకల్పన ఇందులో కలుస్తాయి. వాడిన చెక్కను మళ్ళీ వాడడం కలపతో ఇళ్ళు కట్టుకున్న సమాజాలన్నిటికీ పాత అలవాటే. ప్రదర్శనశాలల్లో దానికి కళగా స్థానం దక్కింది మాత్రం 20వ శతాబ్దిలోనే. చెక్కకున్న గత చరిత్ర కృతిలో కనిపించడం ఈ కళ ముఖ్య లక్షణం.

నిర్వచనం, పరిధి

పాత చెక్కతో చేసే పనులు మూడు విధాలు. విరిగిన కుర్చీకి కొత్త కాలు వేసి పూర్వరూపానికి తేవడం పునరుద్ధరణ (చూ. సామాను పునరుద్ధరణ). పాత దూలాన్ని కోసి కొత్త ఇంటి గుమ్మంగా నిలపడం పునర్వినియోగం. అదే దూలపు పగుళ్ళు, మేకుల రంధ్రాలు, పాత రంగు పొరలు అర్థాన్నిచ్చేలా కొత్త రూపం కల్పిస్తే అది కళాకృతి అవుతుంది. ఈ మూడింటి మధ్య హద్దులు గట్టివి కావు. కూర్చోవడానికి పనికొచ్చే కుర్చీనే శిల్పంగానూ గుర్తించిన సందర్భాలు చాలా ఉన్నాయి.

నదులు, సముద్రం ఒడ్డుకు చేర్చిన చెక్కతో చేసే శిల్పాలను కొందరు ఈ విభాగంలో చేరుస్తారు, కొందరు ప్రకృతి వస్తు కళగా విడిగా చూస్తారు. కొత్త చెక్కకు రసాయనాలు పూసి, గొలుసులతో కొట్టి పాతదిగా కనిపించేలా చేసిన సామాను దీని కిందకు రాదు. పాత వస్తువులను ఉన్నవి ఉన్నట్టుగా అమ్మే పురావస్తు వ్యాపారమూ దీని పరిధిలోది కాదు.

చరిత్ర

పూర్వరంగం: యంత్రపు రంపాలు రాకముందు చెట్టు కొట్టి, కోసి, చిత్రిక పట్టడం చాలా శ్రమతో కూడిన పని. అందువల్ల కూలిన ఇంటి దూలాలు, వాసాలు, తలుపులు మరో ఇంటికి చేరేవి. కొరతలోనూ నిర్బంధంలోనూ పాత చెక్క కళకు ఆధారమైన ఉదాహరణలున్నాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం లక్షమందికి పైగా జపాన్ సంతతి ప్రజలను శిబిరాల్లో నిర్బంధించినప్పుడు, బారకాసుల నిర్మాణంలో మిగిలిన ముక్కలతో వారు కుర్చీలు, పెట్టెలు, చెక్కడపు బొమ్మలు చేసుకున్నారు.

యూరప్‌లో ఆరంభం, 1912–1943: పాబ్లో పికాసో 1912 తర్వాత చెక్కముక్కలు, రేకు, అట్టలను అతికి గోడ శిల్పాలు చేశాడు. ఆయన 1914 నాటి ‘స్టిల్ లైఫ్’లో రంగు వేసిన చెక్కముక్కలకు సామానుకు కుట్టే కుచ్చుల అంచు జతపడింది. మార్సెల్ డుషాంప్ 1913లో వంటింటి ఎత్తుపీటపై సైకిల్ చక్రాన్ని బిగించాడు. జర్మనీలో కుర్ట్ ష్విట్టర్స్ 1919 నుంచి ‘మెర్జ్’ పేరుతో చెక్కముక్కలు, ట్రాము టికెట్లు, కాగితపు చెత్త కలిపి ఫలకాలు కూర్చాడు. హనోవర్‌లోని ఇంట్లో గదులనే శిల్పంగా మారుస్తూ ఏళ్ళ తరబడి కట్టిన ‘మెర్జ్‌బౌ’ 1943లో బాంబుదాడిలో నాశనమైంది.

లూయీస్ నెవెల్సన్: పారేసిన చెక్కను ప్రధాన మాధ్యమంగా నిలిపిన శిల్పుల్లో లూయీస్ నెవెల్సన్ (1899–1988) అగ్రగణ్యురాలు. ఆమె నేటి ఉక్రెయిన్‌లో పుట్టి, 1905లో కుటుంబంతో అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి చేరింది. తండ్రిది కలప వ్యాపారం. న్యూయార్క్ వీధుల్లో దొరికిన కుర్చీకాళ్ళు, మెట్ల కటకటాల కడ్డీలు, పాత పెట్టెలు, తలుపుల అంచుపట్టీలను ఆమె లోతులేని పెట్టెల్లో అమర్చి, ఆ పెట్టెలను గోడలా పేర్చేది. 1958 నాటి ‘స్కై కెథడ్రల్’ సుమారు 3.4 మీటర్ల ఎత్తు, 3 మీటర్ల వెడల్పు ఉంటుంది. ముక్కలన్నిటికీ మెరుపులేని నల్లరంగే పూయడంతో విడి వస్తువుల గుర్తింపు తగ్గి, వెలుగునీడల ఏకరూపం ముందుకు వచ్చింది. 1959లో తెల్లరంగుతో ‘డాన్స్ వెడ్డింగ్ ఫీస్ట్’ చేసింది. తర్వాతి దశకంలో బంగారు రంగు వాడింది.

కూర్పు కళకు గుర్తింపు: దొరికిన వస్తువులను త్రిపరిమాణంలో అతికే పద్ధతికి ఫ్రెంచి కళాకారుడు ఝాన్ ద్యుబుఫే 1950ల తొలినాళ్ళలో ‘అసెంబ్లాజ్’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాల 1961లో ‘ది ఆర్ట్ ఆఫ్ అసెంబ్లేజ్’ ప్రదర్శన నిర్వహించడంతో ఆ పేరు స్థిరపడింది (చూ. కూర్పు కళ). లాస్ ఏంజిలిస్‌లోని వాట్స్ ప్రాంతంలో 1965లో జరిగిన అల్లర్ల శిథిలాల నుంచి కాలిన చెక్క, కరిగిన లోహం ఏరి నోవా ప్యూరిఫాయ్ (1917–2004), సహచరులు 1966లో ‘66 సైన్స్ ఆఫ్ నియాన్’ ప్రదర్శన రూపొందించారు. పారేసిన వస్తువు ఒక సంఘటనకు సాక్ష్యంగా నిలవగలదని అది చూపింది.

సమకాలీన దశ: కొలంబియా శిల్పి డోరిస్ సల్సేడో (జననం 1958) రాజకీయ హింసలో కనిపించకుండా పోయినవారి గుర్తుగా వాడిన బీరువాలు, కుర్చీలు, మంచాలను సిమెంటుతో నింపింది. 2003 ఇస్తాంబుల్ బినాలెలో (రెండేళ్ళకోసారి జరిగే కళా ప్రదర్శన) రెండు భవనాల మధ్య ఖాళీ స్థలంలో సుమారు 1,550 చెక్క కుర్చీలను పేర్చింది. చైనా కళాకారుడు ఐ వైవై కూల్చిన ఆలయాల కలపను, క్వింగ్ వంశకాలపు సామానును వాడాడు. ఆయన 2007లో జర్మనీలోని కాసెల్‌లో మింగ్, క్వింగ్ కాలాల ఇళ్ళ 1,001 తలుపులు, కిటికీలతో ‘టెంప్లేట్’ నిలిపాడు. గాలివానకు అది కూలగా, కూలిన రూపంలోనే ప్రదర్శనలో ఉంచాడు. 2013 వెనిస్ బినాలెలోని ‘బ్యాంగ్’ 886 ముక్కాలిపీటల అల్లిక.

ఘనాలో పుట్టి నైజీరియాలో స్థిరపడిన ఎల్ అనాట్సుయ్ 1996లో డెన్మార్క్ తీరానికి కొట్టుకొచ్చిన చెక్కతో, బానిస వ్యాపార చరిత్రను తలపించే ‘అకువాస్ సర్వైవింగ్ చిల్డ్రన్’ చేశాడు. జపాన్‌కు చెందిన తదాషి కవామతా పాత పలకలు, కుర్చీలతో భవనాలను చుట్టే నిర్మాణాలు కడతాడు. చికాగోకు చెందిన థియాస్టర్ గేట్స్ 2012లో తన ఊరి పాత ఇంటి నుంచి విప్పిన కలపను కాసెల్‌లోని శిథిలగృహం బాగుచేతకు తరలించి, ఆ మరమ్మతునే కళాకృతిగా ప్రదర్శించాడు.

సామాను రూపకల్పన: నెదర్లాండ్స్ రూపకర్త గెరిట్ రీట్‌వెల్డ్ 1934లో సరుకుల పెట్టెలకు వాడే చవక చెక్కతో కుర్చీ రూపొందించాడు. అదే దేశంలో పీట్ హైన్ ఏక్ 1990లో చెత్త కలప బీరువాను, టెయో రేమీ 1991లో పాత సొరుగులను పటకాతో కట్టిన సొరుగుబల్లను తెచ్చారు. బ్రెజిల్‌లో కంపానా సోదరులు 1991లో మురికివాడల ఇళ్ళ తీరును తలపించేలా చెక్కముక్కలతో ‘ఫవేలా’ కుర్చీ చేశారు. మార్టినో గాంపర్ లండన్ వీధుల్లో పారేసిన కుర్చీల భాగాలు కలిపి చేసిన ‘100 చైర్స్ ఇన్ 100 డేస్’ 2007లో ప్రదర్శితమైంది.

ముడిసరుకు

ప్రధాన మూలాలు ఐదు: కూల్చిన కట్టడాల దూలాలు, తలుపులు, ద్వారబంధాలు; వాడి తీసేసిన ఇంటి సామాను; సరుకు రవాణాకు వాడే పెట్టెలు, పాలెట్లు; విప్పేసిన పడవలు, ఓడల చెక్క; వడ్రంగి దుకాణాల్లో మిగిలే తుంపులు.

దశాబ్దాలు కట్టడంలో ఉన్న కలపలో తేమ చుట్టూ ఉన్న గాలికి సరిపడేలా కుదురుకొని ఉంటుంది. అందువల్ల పచ్చి చెక్కలా అది ఎండి వంకరపోదు. ముదురు చెట్ల చేవ దండిగా ఉన్న దూలాలు చెదను, కుళ్ళును బాగా తట్టుకుంటాయి. ఎండకు, గాలికి చెక్క పైపొర రంగు మారుతుంది. మేకుల చుట్టూ కనిపించే నల్లమచ్చలకు చెక్కలోని టానిన్లు ఇనుముతో కలవడం కారణం. ఈ గుర్తులు కృతికి విలువనిస్తాయి కనుక కళాకారులు వాటిని పూర్తిగా చెక్కివేయరు.

ఇటీవలి దశకాల సామానులో ఎక్కువ భాగం ప్లైవుడ్, రంపపుపొట్టు బోర్డు, ఎమ్‌డీఎఫ్‌లతో తయారవుతోంది. రంపపుపొట్టు బోర్డు నీటికి ఉబ్బుతుంది, అంచులు రాలిపోతాయి, ఉలిపనికి నిలవదు. దాన్ని రంగు వేసే పలకగానో, పొరలుగా అతికే దిమ్మెగానో మాత్రమే వాడగలరు.

రకాలు

కూర్పు శిల్పం: వేర్వేరు వస్తువుల భాగాలను అతికి ఒకే రూపంగా నిలపడం. నెవెల్సన్ గోడలు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ.

చెక్కడం: పాత దూలం, స్తంభం, రోలు వంటి ఒకే దిమ్మె నుంచి రూపం తీయడం (చూ. దారుశిల్పం). పగుళ్ళు, తొలిచిన రంధ్రాలు ముందే ఉంటాయి కనుక రూపాన్ని వాటికి అనుగుణంగా ఎంచుకోవాలి.

ఇన్‌స్టలేషన్: స్థలాన్నంతా కృతిగా మార్చే పెద్ద అమరిక. సల్సేడో, కవామతా రచనలు ఈ కోవకు చెందుతాయి.

ఫలక కళ: వేర్వేరు రంగుల చెక్కముక్కలను పక్కపక్కన అతికి బొమ్మ కూర్చడం. సహజ వర్ణభేదమే ఇందులో రంగుల పళ్ళెం.

చిత్రిత సామాను: తలుపు రెక్కలను, బీరువాలను, పెట్టెలను చిత్రఫలకాలుగా వాడడం.

ఉపయోగ కళ: వాడుకకు పనికొస్తూనే శిల్పవిలువ కలిగిన కుర్చీలు, దీపస్తంభాలు, తెరలు.

బహిరంగ శిల్పం: ఉద్యానాల్లో, అడవుల అంచుల్లో నిలిపే పెద్ద రూపాలు. పాత పలకలతో డెన్మార్క్ కళాకారుడు థామస్ డాంబో చేసే రాక్షసాకారాలు అనేక దేశాల్లో ఉన్నాయి.

తయారీ విధానం

సేకరణ, పరీక్ష: మొదట చెక్క జాతిని, గట్టితనాన్ని, పుచ్చును చూస్తారు. సూదిమొన గుచ్చితే సులువుగా దిగే చోట కుళ్ళు ఉన్నట్టు. సన్నని రంధ్రాల నుంచి తాజా పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికి ఉన్నట్టు. ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ కట్టడంలో ఎక్కడ ఉండేదో ఈ దశలోనే రాసి, ఫొటో తీసి ఉంచడం మంచి పద్ధతి.

మేకులు తీయడం, శుభ్రపరచడం: లోపల విరిగి ఉండిపోయిన మేకు రంపపు పళ్ళను విరిచి మనిషిని గాయపరచగలదు. లోహశోధకంతో వెతికి, పట్టకారుతో మేకులు తీశాకే రంపం పెడతారు. మట్టిని మెత్తని కుంచెతో తీస్తారు. నీరు ఎక్కువగా పోస్తే చెక్క నూగు లేస్తుంది.

పురుగు నివారణ: వేడి, గడ్డకట్టించడం, బోరేటు ద్రావణం పూయడం ముఖ్య పద్ధతులు. అంతర్జాతీయ రవాణాకు వాడే చెక్క పెట్టెలకు ఐఎస్‌పీఎం 15 ప్రమాణం వర్తిస్తుంది. దాని ప్రకారం చెక్క నడిమధ్య భాగం కనీసం 56 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు ఉండాలి. అలా వేడి చేసినదానిపై ‘హెచ్‌టీ’ ముద్ర, మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించినదానిపై ‘ఎమ్‌బీ’ ముద్ర ఉంటాయి. ఎమ్‌బీ ముద్ర ఉన్న పాలెట్లను కళాపనికి వాడకపోవడం క్షేమం.

రూపకల్పన: ముక్కలను నేలపై పరిచి, స్థానాలు మారుస్తూ కూర్పు నిర్ణయిస్తారు. అందుబాటులో ఉన్న ముక్కలే కృతి పరిమాణాన్ని, లయను శాసిస్తాయి.

అతుకు: ఒక ముక్క కొసను మరో ముక్కలో తొలిచిన రంధ్రంలో దూర్చే వడ్రంగపు అతుకులు, చెక్క చీలలు, మరలు, జిగురు వాడతారు. తర్వాతి కాలంలో విప్పి బాగుచేయవలసి రావచ్చు కనుక, విప్పడానికి వీలైన అతుకులను పరిరక్షకులు ఇష్టపడతారు.

ముగింపు పూత: నూనె, మైనం, లక్క పాలిషు, వార్నీషు, రంగు. పాత పొర కనిపించాలంటే మైనం లేదా పలుచని నూనె సరిపోతుంది. ఆరుబయట ఉంచే కృతికి ఎండను, వానను ఆపే పూత అవసరం, అదీ మళ్ళీ మళ్ళీ వేయాలి.

భద్రత

పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. భారతదేశంలో గృహ, అలంకరణ రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు పరిమితం చేసిన నిబంధన 2017 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు రంగు వేసిన చెక్కను పొడిగా గరుకు కాగితంతో రుద్దకూడదు, కాల్చకూడదు. రైలు స్లీపర్లకు పట్టించిన క్రియోసోటు, కొన్ని స్తంభాలకు పట్టించిన ఆర్సెనిక్ మిశ్రమం విషపూరితాలు. ఇలాంటి కలప ఇంట్లో ఉంచే వస్తువులకు, పిల్లల ఆటవస్తువులకు పనికిరాదు. చెక్కపొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకంగా వర్గీకరించింది. ముసుగు, కంటి రక్షణ, గాలి బయటికి లాగే ఏర్పాటు తప్పనిసరి.

భారతదేశంలో

పాత కలపకు దేశంలో పెద్ద వ్యాపార కేంద్రాలున్నాయి. బర్మా టేకుతో కట్టిన చెట్టినాడు భవనాల సామాను కారైకుడి దుకాణాల్లో, కేరళ ఇళ్ళ సామాను కొచ్చిలోని మట్టాంచేరిలో అమ్ముడవుతుంది. జోధ్‌పుర్ నుంచి పాత చెక్కతో చేసిన సామాను విదేశాలకు ఎగుమతి అవుతుంది. గుజరాత్‌లోని అలంగ్‌లో ఓడలు విప్పే పని 1983లో మొదలైంది. ఓడల నుంచి తీసిన సామాను అమ్మే అంగళ్ళు అలంగ్‌కు వెళ్ళే దారి వెంట ఏర్పడ్డాయి.

సమకాలీన కళలో సుదర్శన్ శెట్టి పాత ఇళ్ళ కలపతో చేసిన నిర్మాణాలు, సుబోధ్ గుప్తా 2012 కొచ్చి బినాలెలో పాత కేరళ పడవను గృహవస్తువులతో నింపి చేసిన ఇన్‌స్టలేషన్ ముఖ్యమైనవి. చెన్నై సమీపంలో 1996లో తెరిచిన దక్షిణచిత్రలో దక్షిణాది ఇళ్ళను పునర్నిర్మించారు. పాత ఇళ్ళను విప్పి తెచ్చి నిలపడం అక్కడ అనుసరించిన పద్ధతుల్లో ఒకటి. ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు, తెలంగాణ ఇక్కత్ నేతగాని ఇల్లు ఆ ప్రాంగణంలో ఉన్నాయి. ఇది కళాకృతి కంటే వారసత్వ పరిరక్షణకు దగ్గరైనది (చూ. గ్రామీణ వాస్తువు).

తెలుగు ప్రాంతాల్లో

మండువా లోగిళ్ళను కూల్చేటప్పుడు టేకు స్తంభాలు, చెక్కడపు ద్వారబంధాలు, భోషాణాలు, పందిరి మంచాలు, ఊయల బల్లలు అమ్మకానికి వస్తాయి. పాత సామాను వ్యాపారులు వీటిని గుత్తగా కొని నగరాలకు తరలిస్తారు. హైదరాబాద్‌లో ప్రతి గురువారం జరిగే జుమేరాత్ బజార్ పాత వస్తువుల సంతగా పేరుపొందింది. ఎడ్లబండి చక్రం బల్లగానో దీపాల గుత్తిగానో, తలుపు రెక్క భోజనపు బల్లగానో, మంచం కోళ్ళు దీపస్తంభాలుగానో మారడం హోటళ్ళ అలంకరణలో సాధారణమైంది.

ఈ ప్రాంతపు ప్రసిద్ధ దారుకళలకు ఆధారం పాత కలప కాదు. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు తేలికైన పొణికి చెక్క, ఏటికొప్పాక లక్కబొమ్మలకు అంకుడు కర్ర వాడతారు (చూ. కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక బొమ్మలు). వ్యర్థాలతో కళలో తెలుగువారికి ఎక్కువ పేరు తెచ్చినది తెనాలి శిల్పుల ఇనుప తుక్కు శిల్పం (చూ. తుక్కు లోహ శిల్పం).

ఆచారం, చట్టం

పాత చెక్క అంతా పునర్వినియోగానికి వచ్చేది కాదు. పూరీ జగన్నాథాలయంలో 1996లో, 2015లో దారుమూర్తులను కొత్తవాటితో మార్చే నవకళేబర ఉత్సవాలు జరిగాయి. ఆ సందర్భంలో పాత దారుమూర్తులను ఆలయ ప్రాంగణంలోని కోయిలి వైకుంఠంలో భూస్థాపితం చేస్తారు. ఆలయ రథాల, వాహనాల చెక్కడాలను కొనేముందు అవి న్యాయంగా బయటికి వచ్చాయో లేదో తెలుసుకోవాలి.

పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972 ప్రకారం కనీసం నూరేళ్ళ నాటి శిల్పం, హస్తకళా వస్తువు, కట్టడం నుంచి విడదీసిన భాగం పురావస్తువు కిందకు రావచ్చు. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం. ఇరుగుడు చేవ వృక్షజాతిపై 2017 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలున్నాయి. పాత సామానైనా, దాన్ని దేశం దాటించే ముందు నిబంధనలు చూసుకోవలసిందే.

ప్రాముఖ్యం

పర్యావరణం: ఎండిన చెక్క బరువులో దాదాపు సగం కర్బనం. చెక్క నిలిచి ఉన్నంత కాలం అది గాలిలో కలవదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కల ప్రకారం ఆ దేశంలో ఇంటి సామాను వ్యర్థాలు 1960లో 22 లక్షల టన్నులు కాగా, 2018లో 1.21 కోట్ల టన్నులు. 2018 నాటి వ్యర్థాల్లో 80 శాతం చెత్తగుంతల్లో పూడ్చారు. ఈ పరిమాణంలో కళాకృతులు ఖర్చు చేయగలిగేది అతి స్వల్పం. వాటి ప్రభావం ఎక్కువగా ఆలోచన మార్చడంలో ఉంటుంది.

సామాజికం: ముడిసరుకు చవక కావడంతో విద్యార్థులకు, ఆర్థిక స్తోమత లేని కళాకారులకు ఇది అందుబాటులో ఉన్న మాధ్యమం. వడ్రంగులకు మరమ్మతు నైపుణ్యంతో ఆదాయం పెరిగే మార్గం.

చారిత్రకం: కట్టడం పోయాక దాని కలప జాతి, అతుకుల తీరు, రంగుల వరస వంటి సమాచారం కృతిలో మిగలవచ్చు. మూలవివరం రాసి ఉంచినప్పుడే అది చరిత్రకు పనికొస్తుంది.

విమర్శలు, చర్చలు

మొదటి విమర్శ వారసత్వ నష్టం గురించినది. పాత తలుపులకు గిరాకీ పెరిగితే నిలిచి ఉన్న ఇళ్ళను సైతం విప్పి అమ్మే ప్రోత్సాహం కలుగుతుంది. పురాతన సామానును కోసి కొత్త కృతి చేయడం సృష్టి అని కొందరు, విధ్వంసం అని కొందరు వాదిస్తారు. కూల్చివేత ఎలాగూ జరిగినచోట మిగిలిన కలపను వాడడం సాక్ష్యాన్ని కాపాడడమేనని మొదటి పక్షం అంటుంది. మూలవస్తువు ఒకసారి తెగితే తిరిగి రాదని రెండో పక్షం అంటుంది.

రెండవది శ్రమకు గుర్తింపు. పెద్ద ఇన్‌స్టలేషన్ల అతుకుపని చేసే వడ్రంగుల పేర్లు ప్రదర్శన పలకలపై తరచుగా కనిపించవు. మూడవది వాణిజ్యం. ‘పాత కలప’ ముద్రకు ధర పెరగడంతో కృత్రిమంగా పాతబరచిన కొత్త చెక్క మార్కెట్లోకి వచ్చింది. మేకు రంధ్రాల లోపలి నలుపు, కోత ముఖం రంగు, పాత రంపపు గీతలు చూసి తేడా పట్టవచ్చు.

పరిరక్షణ

ఒకే కృతిలో వేర్వేరు జాతుల చెక్క, లోహం, రంగు కలిసి ఉండడంతో తేమ మారినప్పుడు ఒక్కోటి ఒక్కో తీరుగా ఉబ్బి, కుంచించుకుపోతుంది. అతుకులు వదులవడానికి అదే ప్రధాన కారణం. అందుకే ప్రదర్శనశాలలు తేమను స్థిరంగా ఉంచుతాయి, కొత్తగా వచ్చిన కృతిని పురుగు కోసం పరీక్షించేవరకు విడిగా ఉంచుతాయి. ఇంట్లో ఉంచేవారు ఎదురెండ, తడిగోడ తగలకుండా చూడాలి, ఏడాదికోసారి వెనకభాగం పరిశీలించాలి.

కృతి చేయడానికి ముందు పాటించవలసిన క్రమమూ ఉంది. వాడకానికి పనికొచ్చే వస్తువును మొదట మరమ్మతు చేయాలి. అది కుదరనప్పుడు విడిభాగాలుగా వాడాలి, అదీ కానప్పుడు కళకు ముడిసరుకుగా తీసుకోవాలి. కలపకూ దాన్ని మలిచిన వడ్రంగి శ్రమకూ న్యాయం చేసే క్రమం ఇదే. ఏ దశలోనైనా ముక్క మూలవివరాన్ని రాసి ఉంచడం కళాకారుని బాధ్యత.